వీడియో కాల్ కోడ్‌తో రోబోటిక్స్‌లోకి

చక్రాల మీద తిరిగే వీడియో కాల్. టెలీప్రెజెన్స్ రోబోకు ఇంతకన్నా నిర్వచనం అక్కర్లేదు. ఊళ్లో లేని డాక్టరు దాంతో వార్డులో మంచం మంచానికీ వెళ్లి రోగుల్ని పలకరించగలడు. టోక్యోలో 2021 నుంచి ఒక కఫే ఉంది. మంచం దిగలేని వాళ్లు ఇంటి నుంచే ఒరిహిమె రోబోలను నడిపిస్తూ అక్కడ కస్టమర్లకు వడ్డిస్తుంటారు.

ఈ రంగం అనగానే మెకానికల్ చదివుండాలి, లేదా ఏఐ వచ్చుండాలి అనుకుంటారు. నా అంచనాలో అసలు కొరత వేరే చోట ఉంది. రోబోటిక్స్ వాళ్లకు రోబోల సాఫ్ట్‌వేర్ ‘రాస్’ వచ్చు గానీ నెట్ ఎప్పుడు ఎలా మొరాయిస్తుందో తెలియదు. వీడియో కాల్ యాప్‌లు రాసేవాళ్లకు నెట్ సంగతి తెలుసు గానీ మోటారు ఆగకపోతే ఏమవుతుందో ఆలోచించే అవసరం రాలేదు. రెండూ తెలిసినవాళ్లు తక్కువ. సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లు దూరాల్సింది ఈ సందులోనే.

రెడీమేడ్ యాప్‌తో పరిశోధన సాగదు. వీడియో ఎక్కడ ఆలస్యమవుతోందో లోపలికి వెళ్లి చూడలేం, మార్చలేం. అందుకే ఓపెన్ సోర్స్. బ్రౌజర్‌లోనే వీడియో కాల్ నడిపించే టెక్నాలజీగా గూగుల్ 2011లో బయటపెట్టిన వెబ్‌ఆర్‌టీసీ 2021లో అధికారిక వెబ్ ప్రమాణమైంది. వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్ జిట్సీ 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి ప్రాజెక్టుగా పుట్టింది. పదిమంది మీటింగ్‌కి జిట్సీ బాగుంటుంది. ఒక రోబో, ఒక ఆపరేటర్ అయితే జానస్ సర్వరో, ఏఐఓఆర్‌టీసీ అనే పైథాన్ లైబ్రరీయో తేలిక. లైసెన్సు కూడా చూసుకోండి: జిట్సీది అపాచీ, జానస్‌ది జీపీఎల్. కంపెనీల్లో ఈ తేడా దగ్గర పేచీలొస్తాయి.

స్ట్రాస్‌బర్గ్‌కు ఇంకో ఘనత ఉంది. 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్లు స్ట్రాస్‌బర్గ్‌లోని రోగికి రోబోతో పిత్తాశయం తీశారు. సర్జన్ చెయ్యి కదపడానికీ, ఆ కదలిక తెరపై కనబడటానికీ మధ్య సగటున 155 మిల్లీసెకన్లు. అది ప్రత్యేకంగా కేటాయించిన లైను. మన వైఫైకి ఆ భరోసా లేదు, కాబట్టి మీ ప్రాజెక్టు అక్కడే మొదలవ్వాలి.

రాస్‌ప్‌బెర్రీ పై, ఒక కెమెరా, రెండు చక్రాల బండి చాలు. వీడియోను వెబ్‌ఆర్‌టీసీలో పంపండి, నడిపే ఆదేశాలను దాని డేటా చానల్‌లో. ఆ చానల్‌లో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపే ఏర్పాటు తీసేయండి. రెండు సెకన్ల కిందటి ‘ముందుకు’ ఇప్పుడు చేరితే బండి గోడకు గుద్దుకుంటుంది. అరసెకను పాటు ఆదేశం రాకపోతే మోటార్లు వాటంతటవే ఆగాలి. ఈ రెండూ చేసినవారికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకుంటుంది.

ఆ తర్వాత ఆలస్యాన్ని కొలవండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రోబో కెమెరాకు చూపించి, ఆ ఫోనూ మీ ల్యాప్‌టాప్ తెరా కలిసి పడేలా ఫొటో తీయండి. రెండు అంకెల తేడానే ఆలస్యం. ఇంటి వైఫైలో, మొబైల్ డేటాలో, నేరుగా కనెక్షన్ కుదరనప్పుడు వాడే టర్న్ సర్వర్ మీదుగా వేర్వేరుగా కొలిచి, ఫలితాలను కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టండి. డెమో వీడియోలు అందరూ చూపిస్తారు, కొలతలు చూపించేవాళ్లు అరుదు.

టెలీప్రెజెన్స్ పేరుతో ఉద్యోగాలు మన దగ్గర పెద్దగా కనబడవు. ‘వెబ్‌ఆర్‌టీసీ’, ‘టెలీఆపరేషన్’ అని వెతకండి. డ్రోన్లు, గోదాముల రోబోలు, టెలిమెడిసిన్‌లో ఇదే నైపుణ్యం పనికొస్తుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్, ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్‌లేని వాహనాలపై పనిచేసే టిహాన్ ఉన్నాయి. ఓపెన్ సోర్స్‌లో పనిచేయాలనుకుంటే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు 2022 నుంచి విద్యార్థి కానివారు కూడా దరఖాస్తు చేయొచ్చు.

కోర్సుల విషయంలో ఒక్క జాగ్రత్త. రాస్ మొదటి తరం చివరి వెర్షన్‌కు మద్దతు 2025 మేలో ముగిసింది. ఇంకా దాన్నే నేర్పేచోట ఫీజు కట్టకండి, రాస్-2తోనే మొదలుపెట్టండి.