ముద్ర చెరిపిన ‘సంస్కార్’

చవితికి ముందు హైదరాబాద్‌లోని ధూల్‌పేట్ సందుల్లో తడి రంగులతో వినాయకులు ఆరుతుంటారు. అయినా ఆ పేటను చాలామంది గుడుంబాతోనే గుర్తుపెట్టుకున్నారు. ఊరి మీద పడ్డ ముద్ర అంత త్వరగా పోదు.

జాతి మీద పడ్డ ముద్రా అంతే. ఎరుకల జాతికి నేరస్థుల ముద్రను చట్టమే వేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. పుట్టిన బిడ్డా అనుమానితుడే! ఇది మన చరిత్రలో సిగ్గుపడాల్సిన అధ్యాయం. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దైనా జనం చూపు మారలేదు.

1970ల్లో నాస్తికోద్యమ నేత గోరా కుమారుడు లవణం, ఆయన భార్య, కవి జాషువా కుమార్తె హేమలత ఎరుకల ఊరైన స్టువర్టుపురం గడపలు తొక్కారు. ‘సంస్కార్’ సంస్థ తరఫున చదువుకు, ఉపాధికి దారి చూపారు.

ఆ చట్టం రద్దైన ఆగస్టు 31 విముక్త జాతుల దినం.