సంచరించు చుక్కలు

చదువవలసిన వాక్యభాగములు: యూదా 12, 13, యాకోబు 5:19, 20

కోల్‌కతా నగరమున చౌరంగీ ప్రాంతములో రెండు కట్టడములు ఇరుగుపొరుగుగా నున్నవి. ఒకటి 1847లో ప్రతిష్ఠింపబడిన సెయింట్ పాల్స్ కెథీడ్రల్. రెండవది 1963 జూలై 2న ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభించిన బిర్లా ప్లానెటేరియము. దాని గుమ్మటము క్రింద కూర్చుండువారు రాత్రి ఆకాశమును పగటివేళనే చూడగలరు. విశేషమేమనగా, ఈ రెండవ కట్టడము పేరులోని మాట, మొదటి కట్టడములో చదువబడు పరిశుద్ధ గ్రంథములో కూడ ఉన్నది.

"ప్లానెట్" అను ఇంగ్లీషు మాటకు మూలము గ్రీకు భాష. "ప్లనావో" అనగా దారి తప్పించుట. "ప్లనేతేస్" అనగా సంచారి. నక్షత్రములన్నియు తమ వరుస చెడక నడచుచుండగా, సూర్యచంద్రులును మరి ఐదు చుక్కలును వాటి నడుమ చోటు మార్చుట చూచి గ్రీకులు వాటికి ఆ పేరిడిరి. కిరణములను చెదరనీయక ఒకచోట చేర్చు కటకమును "ఆప్లనాటిక్" అందురు. తప్పిపోనిది అని దాని భావము. ఇదియు ఆ మూలమునుండి వచ్చినదే.

మన "గ్రహము" అను మాటకు పట్టుకొనునది అని అర్థము. కీడు కలిగినప్పుడు "గ్రహపాటు" అని నిట్టూర్చుట మనకు అలవాటు. ఇంగ్లీషులోని జూపిటర్, మెర్క్యురీ మొదలగు గ్రహముల పేర్లు రోమీయుల దేవతలవి. లుస్త్రలో జనులు బర్నబాకును పౌలుకును పెట్టిన పేర్లు ఆ ఇద్దరు దేవతలకు గ్రీకులు వాడిన పేర్లే (అపొ. కా. 14:12). అపొస్తలులు తమ వస్త్రములు చించుకొని ఆ పూజను నిరాకరించిరి. ఆకాశ చిహ్నములకు భయపడవద్దని యిర్మీయాయు హెచ్చరించెను (10:2).

ఇంతకు, గ్రహములు నిజముగా దారి తప్పినవా? లేదు. అవి సూర్యుని చుట్టు దీర్ఘవృత్తములలో తిరుగునని కెప్లర్ 1609లో అంగారకుని విషయమై చూపెను. అయినను ఇంచుమించు 26 నెలలకొకసారి అంగారకుడు కొంతకాలము వెనుకకు నడచుచున్నట్లు కనబడును. దీనినే వక్రగతి అందురు. హౌరాకు పోవు మన రైలు ప్రక్క పట్టాలమీది నిదానపు రైలును దాటునప్పుడు, అది వెనుకకు పోవుచున్నట్లు తోచును గదా! అట్లే భూమి అంగారకుని దాటిపోవుచున్నది. తప్పు ఆ గ్రహమునందు లేదు. చూచు మనము నిలిచిన చోటే కదలుచున్నది.

ప్రియ చదువరీ, ఇందులో మనకొక పాఠము కలదు. పనికొరకు దూరపట్టణమునకు పోయిన యౌవనస్థుడు కొన్ని నెలలు ఆరాధనకు రానియెడల, అతడు తప్పిపోయెనని త్వరపడి తీర్పు తీర్చుదుము. అతడు రాత్రి పని ముగించుకొని, ఒంటరిగా మోకరించుచున్నాడేమో! మన మాటచేత గాయపడి దూరమాయెనేమో! అతని నడకను కొలుచుటకు ముందు మన నిలుకడను పరీక్షించుకొందము.

అయితే నిజముగా దారి తప్పుటయు కలదు. మందను విడిచి తమ్మును తామే పోషించుకొను బోధకులను యూదా సంచరించు చుక్కలతో పోల్చెను. క్రొత్త నిబంధనలో "ప్లనేతేస్" అను మాట ఇచ్చట మాత్రమే వచ్చును. దాని క్రియాపదము మాత్రము పలుమారులు కనబడును: మోసపోకుడని ప్రభువు శిష్యులను హెచ్చరించినప్పుడును (మత్తయి 24:4), తప్పిపోయిన గొఱ్ఱెను గూర్చి చెప్పినప్పుడును (మత్తయి 18:12), కాపరియొద్దకు మరలిన వారిని పేతురు జ్ఞాపకము చేసినప్పుడును (1 పేతురు 2:25) ఆ మాటయే. యాకోబు తన పత్రికను ముగించుచు, తప్పిపోయిన వానిని మరల్చు పనిని సహోదరులకు అప్పగించెను. వానిని గూర్చి మాటలాడుట సులభము. వాని యొద్దకు వెళ్లుటయే ప్రేమ.

ఆలోచింపుము: నీవు తప్పిపోయెనని యెంచిన వ్యక్తి ఎవరు? అతని యొద్దకు వెళ్లితివా?

ప్రార్థన: మంచి కాపరీ, నా అడుగులను నీ మార్గమున స్థిరపరచుము. నేను తీర్పు తీర్చిన సహోదరుని వెదకుటకు నన్ను పంపుము. ఆమేన్.