డాక్యుమెంట్ డాక్టర్‌ని అడగండి

ప్రశ్న: డాక్టర్ గారూ, వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. డిటా అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాసిన మా మాన్యువల్‌లో అడ్మిన్ల కోసం పెట్టిన ఒక నోటు, ఎక్స్‌క్లూడ్ చేసినా యూజర్ గైడ్‌లో కనిపిస్తూనే ఉంది. నెట్‌లో ఎవరో చెప్పిన లైను డిటావ్యాల్ అనే ఫిల్టర్ ఫైల్లో పెట్టాను. నోటు పోయింది. దాంతోపాటు లైనక్స్ ఇన్‌స్టలేషన్ అధ్యాయం కూడా పోయింది. శుక్రవారం రిలీజు. ఇంకే లైను చేర్చమంటారు?

జవాబు: ఏ లైనూ వద్దమ్మా. ముందు ఆ నెట్ లైను తీసెయ్యి. నీ నోటుకు పెద్ద జబ్బేం లేదు. దాని ఆడియన్స్ ఆట్రిబ్యూట్ తెరిచి చూడు, "అడ్మిన్ యూజర్" అని రెండు విలువలు ఉండుంటాయి. ఒకే ఆట్రిబ్యూట్‌లో స్పేస్ ఇచ్చి ఎన్ని విలువలు రాసినా, అన్నీ ఎక్స్‌క్లూడ్ అయితేనే ఆ ముక్క పోతుంది. మారతహళ్లి పీజీలో ఇద్దరుండే గదిలో ఒకరు ఊరెళితే ఓనరు తాళం వేసేస్తాడా? నోటు నిజంగా అడ్మిన్లదే అయితే "యూజర్" అన్న మాట చెరిపెయ్, చాలు. వేర్వేరు ఆట్రిబ్యూట్ల మధ్య మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆడియన్స్, ప్లాట్‌ఫామ్, ప్రొడక్ట్‌లలో ఏ ఒక్కటి ఎక్స్‌క్లూడ్ అని తేలినా ముక్క ఎగిరిపోతుంది.

ఇక సొంత వైద్యం సంగతి. నువ్వు తెచ్చుకున్న లైనులో ప్రాప్ ట్యాగుకి ఆట్రిబ్యూట్ పేరు లేదు, విలువ లేదు, యాక్షన్ ఎక్స్‌క్లూడ్ అని మాత్రం ఉండుంటుంది. దానర్థం తెలుసా? "ఉంచమని నేను విడిగా చెప్పని ప్రతి విలువనూ తీసెయ్" అని. మామూలుగా డిటావ్యాల్‌లో ఊసే లేని విలువ క్షేమంగా ఉండిపోతుంది. ఈ ఒక్క లైనుతో అదంతా తలకిందులు. మీ అధ్యాయానికి ప్లాట్‌ఫామ్ "లైనక్స్" అని ఉంది, దాన్ని ఉంచమని నువ్వెక్కడా చెప్పలేదు, పోయింది. కండిషన్లేవీ లేని పేరాలు అలాగే మిగిలాయి కాబట్టి పీడీఎఫ్ పైకి నిక్షేపంలా కనిపిస్తుంది. అదే నాకు ఒళ్లు మండించేది! ఆ లైను విషం కాదు, అన్ని విలువలూ జాబితా రాసుకున్న టీముకి అది మంచి మందే. కానీ వాళ్ల మ్యాప్ వేరు, నీ మ్యాప్ వేరు. ఈమధ్య చాట్‌బాట్లు రాసిచ్చిన డిటావ్యాల్ ఫైళ్లు కూడా వస్తున్నాయి నా దగ్గరికి. వాటిలో సగం ఆట్రిబ్యూట్లు వాళ్ల పుస్తకంలో ఎక్కడా ఉండవు. అడిగితే "అదే చెప్పింది సార్" అంటారు.

ఆ నోటున్న టాపిక్ ఒక్కటే పెట్టి చిన్న మ్యాప్ చెయ్. ఫిల్టర్ లేకుండా ఒకసారి, ఒకే ఒక్క రూలుతో ఇంకోసారి పబ్లిష్ చెయ్. డిటా ఓపెన్ టూల్‌కిట్‌ని టెంప్ ఫోల్డర్ చెరపొద్దని చెప్పి, అందులో ఏం మిగిలిందో కళ్లారా చూడు.

నీ అసలు భయం ఆ నోటు కాదనుకుంటాను, ఇంకేమేం పోయాయోనని. భయపడాల్సిందే తల్లీ. పోయినసారి విషయసూచికనీ ఈసారిదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకో. లీడ్‌కి ఇవాళే చెప్పు, గురువారం రాత్రి కాదు.

ప్రశ్న: ఫిల్టర్ పెట్టగానే లింకులు తెగిపోతున్నాయి. (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: టాపిక్‌ని తీసేసి లింకుని వదిలేశారు. టాపిక్‌కి పెట్టిన కండిషనే లింకుకీ పెట్టండి.

ప్రశ్న: ఒకే పీడీఎఫ్‌లో అడ్మిన్ భాగం, యూజర్ భాగం రెండూ రావాలంటే?

జవాబు: డిటా 1.3 వచ్చింది 2015లో. అందులోని డిటావ్యాల్‌రెఫ్ ఇందుకే. మ్యాప్‌లో ఏ కొమ్మకి ఏ ఫిల్టరో దాని కిందే పెట్టండి.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకరు పెద్ద అక్షరంతో "అడ్మిన్" అని, ఒకరు చిన్న అక్షరంతో, ఇంకొకరు "అడ్మినిస్ట్రేటర్" అని రాస్తారు. టూలు వీటన్నిటినీ ఒకటిగా తీసుకునేలా చేయొచ్చా?

జవాబు: టూలుకి అవి మూడు వేర్వేరు విలువలు. సబ్జెక్ట్ స్కీమ్ మ్యాప్ పెట్టి, అనుమతించే విలువల జాబితా అందులో రాయండి. ఆ జాబితా కోసమైనా ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. మీ ఉత్తరం చూస్తే అది జరిగి చాలా కాలమైనట్టుంది.

ప్రశ్న: డీలర్ల ధరలు "ఇంటర్నల్" అని మార్క్ చేసి అదే ఫైల్లో ఉంచాం. ఎక్స్‌క్లూడ్ చేస్తున్నాం కాబట్టి భద్రమే కదా డాక్టర్ గారూ?

జవాబు: కాదు. పీడీఎఫ్‌లో ఉండవు, నిజమే. అనువాదానికి పంపేది పీడీఎఫా, ఎక్స్‌ఎంఎలా? ఆ వెండర్ చేతిలో మీ ధరలన్నీ ఉన్నట్టే. రేపెవరో ఫిల్టర్ ఇవ్వడం మరిచిపోయి బిల్డ్ కొడితే డీలర్లందరూ పక్కవాళ్ల ధరలు చదువుకుంటారు. పుస్తకాన్ని ఎవరికి తగ్గట్టు వాళ్లకు కత్తిరించడానికి ఫిల్టర్ గానీ రహస్యాలు దాచుకోవడానికా? ఆ ధరలు సోర్సులోంచి ఇవాళే తీసేసి, అప్పుడు రాయండి నాకు.