కథలో చుక్క కనబడాలి

సూర్యాపేట

చి.సౌ. అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హైదరాబాదు ప్రచురణకర్త రెండో పుస్తకం కూడా నీకే అప్పజెప్పాడన్న ముక్క మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. ఇంట్లో కూర్చుని పుస్తకాలు కంపోజ్ చేసే పిల్ల మన ఇంట్లోంచి మళ్లీ వచ్చిందని నాకెంత సంతోషమో రాయలేను. కానీ చివర రాసిన నాలుగు మాటలు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ల్యాప్‌టాప్ తెర చాలడం లేదు, కోదాడలో 32 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్ ఆఫర్‌లో ఉంది, వచ్చే వారం ఆయన పోయి తెస్తానంటున్నారు అన్నావు. అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఆగు బిడ్డా. కట్టినా సరే, ఈ ఉత్తరం చదివిందాకా ఆగు.

నువ్వు పంపిన ఫొటోలో పెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని ఉంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. తెర 24 అంగుళాలదైనా అవే, 32 అంగుళాలదైనా అవే. కిలో బియ్యాన్ని పెద్ద చాటలో పోసినంత మాత్రాన బియ్యం పెరగవు, పలచబడతాయి. లెక్క వేసి చూశాను. 24 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు పడతాయి. 27లో 82. నువ్వు మోజు పడ్డ 32లో 69. మన ప్రెస్సులోకి వచ్చిన మొదటి కంప్యూటరు నీకు గుర్తుండాలి, నువ్వు దాని ముందు కూర్చునే అన్నం తినేదానివి. 15 అంగుళాల గాజు డబ్బా, 800 బై 600 మీద నడిచేది. అందులో కళ్లకు కనబడే తెర 14 అంగుళాల లోపే కాబట్టి అంగుళానికి 70 పైనే పడేవి. ఇన్నేళ్ల తర్వాత, ఇంత డబ్బు పోసి, దానికంటే ముతక తెర తెచ్చుకుంటావా?

సినిమాలు చూసేవాళ్లకు, దూరంగా కూర్చుని ఆటలాడుకునే పిల్లలకు అది మంచి వస్తువే. తెలుగు దిద్దేవాళ్లకు పనికిరాదు. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుంటుంది, మహా అయితే ఒక తోక కిందికి వేలాడుతుంది. మనకు పైన తలకట్టు, గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు, ఒక్కోసారి దానికి తోడు ఇంకో వత్తు. తెరను నూరు శాతం స్కేలింగులో ఉంచితే 12 పాయింట్ల అక్షరానికి విండోస్ ఇచ్చే ఎత్తు 16 పిక్సెళ్లు. 'రాష్ట్రం' అన్న మాటలో ష, ట వత్తు, ర వత్తు అన్నీ ఆ పదహారులోనే సర్దుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. 'కథ' అని టైపు చేసి చూడు. థ పొట్టలో ఒక చుక్క ఉంటుంది. థకూ ధకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ చుక్కే. ముతక తెర మీద దానికి దక్కేది ఒక పిక్సెల్, అదీ నిండు నలుపు కాదు, బూడిదరంగు మరక. అది కథ అని నీకు ముందే తెలుసు కనుక లేని చుక్క కూడా ఉన్నట్టే కనబడుతుంది. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే 'కధ'. రథం, గ్రంథం, ప్రథమం అన్నీ అలాగే పోతాయి. 'అర్థం', 'అర్ధం' సంగతైతే మరీ ఘోరం. అక్కడ థ వత్తుగా కిందికి దిగి ఇంకా చిన్నదైపోతుంది. పైగా రెండూ సరైన మాటలే కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ తప్పని చెప్పదు. పట్టుకోవాల్సింది నీ కళ్లే. ఆ కళ్లకు సరైన తెర ఇవ్వకుండా పని చెయ్యమంటే ఎలాగమ్మా?

మీ తాత ఈ చుక్క కోసం ఏం చేశాడో నీకెవరూ చెప్పి ఉండరు. అవి సీసం అచ్చుల రోజులు. పెద్దగట్టు జాతర వచ్చిందంటే కరపత్రాలకు తెల్లవార్లూ ట్రెడిల్ ఆడుతూనే ఉండేది. మిర్యాలగూడ మిల్లుల బిల్లు పుస్తకాలు ఒకవైపు, పెళ్లిళ్ల సీజను శుభలేఖలు ఒకవైపు. ఆ తొక్కిసలాటలో ఒక గుడి రథోత్సవం పోస్టర్లు అచ్చయి కట్టలు కట్టేశారు. తాత ఒకటి లాగి లైటు కింద పట్టుకుని చూశాడు. 'రధోత్సవం' అని ఉంది. కంపోజిటరు తప్పు కాదు, అతను పెట్టింది థయే. ఏళ్ల తరబడి దెబ్బలు తిని ఆ అచ్చులో చుక్క అరిగిపోయింది. తాత ఒక్క మాట అనలేదు. కేసులో థ గడి మొత్తం బోర్లించి, ఒక్కొక్క అచ్చునీ వేలి కొసతో తడిమి అరిగినవన్నీ పక్కన పడేశాడు. ఆ రాత్రే విజయవాడ బస్సెక్కి కొత్తవి తెచ్చి పోస్టర్లన్నీ మళ్లీ అచ్చు వేయించాడు. కాగితం ఖర్చు మనదే. గుడివాళ్లు అడగను కూడా లేదు.

అది చూసి పెరిగినవాణ్ణి కనుకే ఇంత చెబుతున్నాను. నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. నీకు ఎనిమిదో తరగతిలోనే కళ్లజోడు వచ్చింది, ఆ రోజు నువ్వు ఏడిస్తే మీ అమ్మ కంటే నేనే ఎక్కువ బాధపడ్డాను. ముతక తెర ముందు కూర్చుంటే తెలియకుండానే మెడ ముందుకు వంగుతుంది. తెర నీకు చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి, పై అంచు కంటి మట్టానికి రావాలి. స్టాండు పైకీ కిందికీ జరిగేదే తీసుకో.

ఏది కొనాలంటావా? నా మాట వింటే 27 అంగుళాలు చాలు. డెమీ సైజు పేజీలు రెండూ పక్కపక్కన అసలు కొలతలోనే పడతాయి, పనిముట్ల పట్టీలకు చోటు మిగులుతుంది. రిజల్యూషన్ మాత్రం 2560 బై 1440కి తగ్గకూడదు. అంగుళానికి 109 వస్తాయి. అదే సైజులో 4కే అయితే 163. అప్పుడు స్కేలింగు 150 శాతం పెట్టుకుంటే మన 12 పాయింట్ల అక్షరానికి 16 బదులు 24 పిక్సెళ్లు దక్కుతాయి, థలో చుక్క చుక్కలా నిలబడుతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. నీ ప్రచురణకర్త ఇంకా అను ఫాంట్లతో పేజ్‌మేకర్ ఫైళ్లే అడుగుతున్నాడని రాశావు. పేజ్‌మేకర్ ఆఖరి రూపం 7.0, అది 2001 నాటిది. 4కే తెరలు అప్పటికి వాడుకలోకి రాలేదు. వాటి మీద పేజ్‌మేకర్ పనిముట్ల బొమ్మలు చీమల్లా అయిపోతాయి, పెద్దవి చేస్తే మసకబారతాయి. కాబట్టి ఆ పని నడిచినన్నాళ్లూ 1440 తెరే నీకు హాయి. రేపు పూర్తిగా ఇన్‌డిజైన్‌కూ యూనికోడ్‌కూ మారితే 4కే సంగతి అప్పుడు చూద్దాం.

ప్యానెల్ ఐపీఎస్ అని రాసి ఉంటేనే తీసుకో. టీఎన్ చవకే కానీ కిందినుంచి చూస్తే ఒక రంగు, పైనుంచి చూస్తే ఇంకో రంగు. ఒకే పేజీలో పై పేరా, కింది పేరా వేరే సిరాతో వేసినట్టు ఉంటాయి. కోదాడలో నువ్వు చూసినటువంటి వంపు తెరలు చాలావరకు వీఏ రకం. నలుపు మహా బాగుంటుంది, కాంట్రాస్ట్ మూడు వేలకు ఒకటి దాకా పోతుంది, ఐపీఎస్‌కు వెయ్యికి అటూ ఇటూ. కానీ పేజీని గబగబా కిందికి జరిపితే వీఏలో నల్లటి అక్షరాల వెనక నీడ ఈడ్చుకొస్తుంది. పైగా వంపు తెర మీద టేబుల్ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో నీకే అనుమానం వస్తుంది. ఓఎల్ఈడీ జోలికి పోకు, రోజంతా కదలని మెనూ పట్టీ దాని మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

దుకాణానికి నువ్వే వెళ్లు, అల్లుణ్ణి ఒక్కణ్ణే పంపకు. పెన్‌డ్రైవులో నీ పుస్తకం పేజీ ఒకటి పీడీఎఫ్ చేసి పట్టుకుపో. వాళ్లు జలపాతాల వీడియో వేసి చూపిస్తారు, అందులో ప్రతి తెరా బాగుంటుంది. నీ పేజీ నూరు శాతం సైజులో తెరిపించి, కుర్చీలో వెనక్కి ఆనుకుని 'అర్థం' దగ్గర చూపు నిలుపు. తర్వాత తెల్ల పేజీ ఒకటి, నల్ల పేజీ ఒకటి వేయించి చచ్చిన పిక్సెళ్లున్నాయేమో చూడు. కోదాడలో దొరక్కపోతే ఫోన్ చెయ్యి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నేనే తోడొస్తాను, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరతాం.

ఎంత మంచి తెరైనా ఆఖరి ప్రూఫు మాత్రం కాగితం మీదే చూడు. లేజర్ ప్రింటరు అంగుళానికి 600 చుక్కలు వేస్తుంది, మనం కొనే ఏ మానిటరూ దాని దరిదాపుల్లోకి రాదు. ప్రూఫు ఒక కాపీ నాకూ పంపు, చదువుతాను.

అల్లుడు బండి మీద తెస్తానన్నాడట. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా అంత దూరం తెర పెట్టెను ఒళ్లో పెట్టుకుని నువ్వు వెనక కూర్చోవద్దు బిడ్డా. కారు మాట్లాడుకోండి, పెట్టెను పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచండి. కారు కిరాయి, ఆ ఆఫర్ తెరకూ నేను చెప్పిన తెరకూ ధరలో ఉన్న తేడా రెండూ నేను పంపుతాను. మీ అమ్మకు చెప్పకు, నాతో గొడవ పెట్టుకుంటుంది. ఏ మోడలు ఖాయం చేశావో కొనేముందు ఫోన్ చేసి చెప్పు.

నీ
మేనమామ