పామేడులో కిరాణా కొట్టు: సరుకు కంటే ముందు కాగితాలు సర్దుకుందాం

పామేడు ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లా ఉసూరు బ్లాకులో. సరుకు దిగేది మాత్రం సరిహద్దు అవతల తెలంగాణలోని చర్ల, భద్రాచలం నుంచి. మొన్నమొన్నటి దాకా సొంత జిల్లా కేంద్రానికి పోవాలన్నా తెలంగాణ మీదుగా చుట్టు తిరగాల్సిందే. అందుకే ఇక్కడ కొత్తగా కొట్టు పెట్టేవాళ్లు చర్లలో షావుకారు చెప్పిన రూలే తమకూ వర్తిస్తుందనుకుంటారు. అది సగం నిజం. వ్యాపారం ఎక్కడ నిలబడి చేస్తున్నామో ఆ రాష్ట్రం చట్టమే మనది. ఈ ఒక్కటీ గుర్తుంచుకుని మొదలుపెడదాం.

కావాల్సినవి

ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, చోటుకు సంబంధించిన కాగితం, కుట్టు గట్టిగా ఉన్న ఒక ఖాతా పుస్తకం, స్టాంపు ప్యాడ్, బిల్లులు దాచుకోవడానికి ఒక ఫైలు. విడి కాగితాల మీద లెక్కలు వద్దు. వానాకాలంలో అవి మిగలవు.

చేసే పద్ధతి

1. ముందు చోటు తేల్చుకుందాం. బీజాపూర్ జిల్లా అంతా ఐదో షెడ్యూలు ప్రాంతం. తెలంగాణ ఏజెన్సీలో 1/70 చట్టం ఉన్నట్టే, ఇక్కడ భూ రెవెన్యూ కోడ్‌లోని 165వ సెక్షన్ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతుంది. తెల్లకాగితం మీద కొనుక్కుంటే డబ్బూ పోతుంది, చోటూ పోతుంది. అద్దెకైనా సరే, తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇద్దాం. ఏడాది దాటే అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల ఒప్పందాలు అంతటా కనిపించేది అందుకే. సంతలో కూర్చోవాలంటే ముందు పంచాయతీని కలవండి. 1996 నాటి పెసా చట్టం ఊరి సంతల నిర్వహణను గ్రామసభకు, పంచాయతీకి అప్పగించింది.

2. ఇప్పుడు జీఎస్టీ. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఛత్తీస్‌గఢ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలు. మన కొట్టు పామేడులో ఉండి, అక్కడే అమ్ముతుంటే 40 లక్షల లెక్కే మనది. సరుకు చర్ల నుంచి కొని తెచ్చుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ మెడకు చుట్టుకోదు. చట్టం చూసేది రాష్ట్రం దాటి అమ్మడాన్ని, కొనడాన్ని కాదు.

తిరగేసి చూడండి. చర్లలో కొట్టున్న మనిషి పామేడు సంతకు సబ్బులు, బిస్కెట్లు తెచ్చి అమ్మితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. టర్నోవరు లక్ష అయినా రిజిస్ట్రేషన్ కావాలి. అప్పుడప్పుడూ వచ్చి అమ్ముకునేవాళ్లకు 90 రోజులు చెల్లే తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉంది, పన్ను ముందే జమ చేయాలి. కూరగాయలు, విడి బియ్యం, ఉప్పు లాంటి పన్ను లేని సరుకులే అమ్మేవాళ్లకు ఈ గొడవ లేదు.

రిజిస్ట్రేషన్ తీసుకుని, తేలిగ్గా ఉంటుందని కాంపోజిషన్ పథకంలో చేరితే మాత్రం రాష్ట్రం దాటి అమ్మకూడదు. సంతరోజు చర్ల వైపు నాలుగు మూటలు పంపే అలవాటుంటే ముందే ఆలోచించుకోండి.

3. సరుకుతో పాటు బిల్లు నడవాలి. బిల్లు మీద మన పేరు, పామేడు చిరునామా రాయించుకుందాం. 50 వేలు దాటిన లోడుకు ఈ-వే బిల్లు కావాలి; దాన్ని మామూలుగా అమ్మిన షావుకారే తీస్తాడు, అడిగి చేతిలో పెట్టుకోండి. దారిలో తనిఖీలు ఉండే ప్రాంతం మనది. లోడు ఎక్కడిది, ఎవరికి అని అడిగితే నోటితో చెప్పే మాట కంటే బిల్లు నయం.

4. కాటాకు ముద్ర. త్రాసు, తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖతో ముద్ర వేయించాలి. సర్టిఫికెట్ గోడకు తగిలించేద్దాం.

5. తినే వస్తువులు అమ్ముతాం కాబట్టి 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకుందాం. 14 అంకెల నంబరు వస్తుంది.

6. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

7. అరువు ఖాతా. ఈ ప్రాంతంలో అరువు లేకుండా కొట్టు నడవదు, అందుకని రాసే తీరు నేర్చుకుందాం. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. తేదీ, పేరు, ఊరు, సరుకు, మొత్తం, కట్టింది, బాకీ. 'నూనె 2 లీటర్లు, పప్పు 1 కిలో, బాకీ 430' అని రాసి, చదివి వినిపించి, అక్కడే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. వేలిముద్ర పక్కన పేరు రాయండి. లేదంటే ఏడాది తిరిగాక ఆ నీలి మచ్చ ఎవరిదో మనకే తెలియదు. మన పుస్తకంలో మనం రాసుకున్న లెక్క సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, అదొక్కటే బాకీని రుజువు చేయదని సాక్ష్యాల చట్టం చెబుతోంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ మాట మారలేదు.

బాకీ మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపు 'ఇంత బాకీ ఉన్నాను' అని రాసి సంతకం పెట్టించుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏటా పంటల తర్వాత ఈ పని పెట్టుకుంటే చాలు. వడ్డీ జోలికి మాత్రం పోవద్దు. గిరిజనులకు వడ్డీకి అప్పులిచ్చే వ్యవహారం మీద పెసా కింద గ్రామసభకు అదుపు ఉంది. వడ్డీ వేసిన రోజు నుంచి మన కిరాణా కొట్టు వడ్డీ వ్యాపారంగా కనిపిస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

'ఇంత దూరం మోసుకొచ్చాను' అని కూల్‌డ్రింకు మీద అయిదు రూపాయలు ఎక్కువ తీసుకోవడం. రవాణా ఖర్చు నిజమే, కానీ ప్యాకెట్ మీద అచ్చయిన ఎంఆర్‌పీ దాటి అమ్మడం నేరం. ఖర్చు గిట్టకపోతే విడి సరుకు ధరలో చూసుకోవాలి.

ఎండాకాలం తునికాకు కట్టలు కొనేయడం. తునికాకు వ్యాపారం 1964 చట్టం ప్రకారం ప్రభుత్వానిదే. లఘు వనోపజ (చిన్న అటవీ ఉత్పత్తుల) సహకార సంఘం కల్లంలో కొంటుంది. ఉప్పుకు బదులుగా తెచ్చిచ్చినా మనం తీసుకోకూడదు.

హిందీ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టడం. ఆఫీసు కాగితాలన్నీ హిందీలోనే వస్తాయి. బడి పిల్లాడితోనైనా సరే, చదివించుకుని, నకలు తీసుకున్నాకే సంతకం పెట్టండి.

నోటీసు వస్తే సొరుగులో పడేయడం. జవాబుకు గడువు తేదీ అందులోనే ఉంటుంది, ముందు దాని కింద గీత గీయండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆ సాయానికి ఫోన్ నంబరు 15100. ఖాతా పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.