రెండో ప్రపంచ యుద్ధం – ఆంధ్ర నాయకత్వం, ప్రజాభిప్రాయం

బేస్తవారిపేటలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు ప్రకాశం జిల్లా పేరు దగ్గర మొదలుపెట్టండి. 1970లో కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కూడా కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికే టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఆయన యుద్ధకాలపు రాజకీయం ఒక్కటి పట్టుకుంటే నాలుగైదు బిట్లు చేతికొస్తాయి.

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకులను మాటమాత్రం అడక్కుండా భారత్‌ను యుద్ధంలోకి దించాడు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు దిగిపోయాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరులోనే రాజీనామా చేసింది. అందులో రెవెన్యూ మంత్రి ప్రకాశమే.

1940 అక్టోబరు 17న వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. తొలి సత్యాగ్రహి వినోబా భావే, రెండో పేరు నెహ్రూ. ఈ వరుసలోనే చాలామంది తడబడతారు. పద్ధతి మాత్రం భలే చిత్రం: ఫలానా రోజు, ఫలానా చోట యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడతానని ముందే మేజిస్ట్రేటుకు ఉత్తరం రాయాలి. చెప్పిన చోటికి వెళ్లాలి, నినాదం చేయాలి, అరెస్టవ్వాలి. ప్రకాశం కూడా ఈ సత్యాగ్రహం చేసినవారే.

జనమంతా ఒకే మాట మీద ఉన్నారని మెయిన్స్‌లో రాస్తే మార్కులు పోతాయి. యుద్ధం ముగిసేనాటికి సైన్యంలో సుమారు 25 లక్షల మంది భారతీయులున్నారు. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక కమ్యూనిస్టులు దాన్ని ‘ప్రజాయుద్ధం’ అన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి. ఎక్కడో ఉన్న యుద్ధం గుమ్మంలోకొచ్చింది. అదే ఏడు ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం. ఆ ఉద్యమంలో జైలుకెళ్లిన ప్రకాశం విడుదలైంది 1945లో.