సంచకరువు

ధర్మవరము పట్టుచీరలకు పేరుగాంచిన పట్టణము. అచటి ఒక నేతగాని యింటికి ఒకనాడు ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. కుమార్తెకు వివాహము నిశ్చయమైనది. చిలుకపచ్చ చీర, ఎఱ్ఱని జరీ అంచు కావలెనని వారు కోరిరి. వెల 18,000 రూపాయలని తేలినది.

“అమ్మా, సొమ్మంతయు ముందే యిండు. అప్పుడే మగ్గమునకు పడుగు ఎక్కింతును” అని నేతగాడు పలికెను.

తల్లి వెనుకాడెను. క్రిందటి యేడు ఆమె మంచమును, బీరువాను చేయించుటకై ఒక వర్తకునికి సొమ్మంతయు ముందుగా చెల్లించెను. నెల తిరుగక మునుపే ఆ దుకాణము మూతపడెను. అది ఆమె కూడబెట్టుకొన్న ధనము. “అయ్యా, చీర చేతికి వచ్చిననాడు వెలయంతయు చెల్లింతును. ముందు ఒక్క రూపాయియు ఈయజాలను” అని ఆమె చెప్పెను.

నేతగాడు లోనికేగి, పెట్టెనుండి ఒక చీరను తెచ్చి చూపెను. “అమ్మా, దీనిని ఒకరు కోరిన రంగులలోనే నేసితిని. వారు మరల రాలేదు. వారికి నచ్చిన రంగులు ఇతరులకు నచ్చలేదు. రెండేండ్లనుండి ఇది పెట్టెలోనే యున్నది. పట్టు కొనుటకు చేసిన అప్పునకు నేటికిని వడ్డీ కట్టుచున్నాను” అనెను.

ఇరువురి మాటయు నిజమే. వస్తువు చేతికి రాకమునుపే వెలలో కొంత చెల్లించుటను సంచకరువు ఇచ్చుట యందురు. వాడుకలో దీనికే బయానా యని పేరు. వెలయంతయు ముందే చెల్లించినచో నష్టభయము కొనువానిపై పడును. ఏమియు చెల్లింపనిచో ఆ భయము అమ్మువానిపై పడును. “ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిదప బోడి మల్లయ్య” యను సామెత ఇరువురికిని వర్తించును.

ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నది? 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, సరకు నిచ్చుటయు వెల చెల్లించుటయు ఏకకాలమున జరుగవలెను. కావున ముందుగా సొమ్ము అడుగువాడు అందులకు తగిన కారణము చూపుట న్యాయము.

సంచకరువు ఇచ్చినవానికే కాదు, పుచ్చుకొన్నవానికిని ఒక్కొక్కప్పుడు కీడు కలుగును. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పెను. ఆ తీరమున నేతగాండ్రు ముందుగా సొమ్ము పుచ్చుకొని, దానితో నూలు కొని బట్టలు నేయుచుండిరి. బట్ట సిద్ధమగువరకు ఆ సొమ్మే వారి కుటుంబములకును ఆధారము. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఉత్తర సర్కారులపై కంపెనీకి అధికారము లభించిన పిదప, ఆ సొమ్మే వారికి సంకెలయైనది. కంపెనీ సొమ్ము పుచ్చుకొన్నవారు, ఇతరులు హెచ్చు వెల యిచ్చుటకు సిద్ధపడినను, వారికి బట్ట అమ్ముకొనరాదని నిర్బంధింపబడిరి.

ఎదుటివారిని ఎరుగని దూరపు బేరములలో ఈ చిక్కు మరింత హెచ్చు. దీనిని తగ్గించుటకై భారత తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టెను. అమ్మువాడు కట్టను తపాలాలో పంపును. కొనువాడు సొమ్ము తపాలావారికి చెల్లించి కట్టను పుచ్చుకొనును. ఆ సొమ్ము అమ్మువానికి చేరును. పుస్తకములు తెప్పించుకొను పల్లెటూరివారికి ఇది మిక్కిలి ఉపకరించెను. అయినను సొమ్ము చెల్లించిన పిదపనే కట్ట విప్పవలసి యుండుటచే, లోపలి వస్తువు మంచిదో కాదో యను సందేహము కొనువానికి మిగిలియే యుండెను.

గృహముల విషయమున నష్టము మరింత పెద్దది. జీవితకాలపు సంపాదన నంతయు ముందుగా చెల్లించి, ఇల్లు చేతికి రాక బాధపడినవారు మన దేశమున అనేకులు. అందుచే 2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టము చేయబడినది. వ్రాతపూర్వకమైన ఒప్పందమును నమోదు చేయక నిర్మాణకర్త వెలలో నూటికి 10 వంతులకు మించి పుచ్చుకొనరాదు. కొనువారినుండి వచ్చిన సొమ్ములో నూటికి 70 వంతులను ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ నిర్మాణమునకును దాని భూమికిని మాత్రమే వినియోగింపవలెను. ఏ పనికై సొమ్ము ఇచ్చిరో ఆ పనికే అది వినియోగపడవలెనన్నదే ఇందలి నీతి.

ధర్మవరమునందలి ఆ యింటిలో పెండ్లికుమార్తె అంతవరకు మౌనముగా నుండెను. ఆమె నేతగానితో, “అయ్యా, పట్టునకును జరీకిని ఎంత కావలెను?” అని అడిగెను.

“9,000 రూపాయలు కావలెనమ్మా.”

“అయినచో ఆ 9,000 నేడే పుచ్చుకొనుడు. మీరు అప్పు చేయనక్కరలేదు. తక్కిన సొమ్ము చీర ఇచ్చునాడు చెల్లింతుము. మేము రానిచో చీర మీదే. మీరు నేయనిచో మా సొమ్ము తిరిగి ఇండు.”

నేతగాడు కొంతసేపు ఆలోచించెను. అతని శ్రమకు భయము తీరలేదు. తల్లి సొమ్మునకును భయము తీరలేదు. కాని భయము ఇరువురికిని పంచబడినది. అతడు తేదీ వేసి, పుచ్చుకొన్న మొత్తమును, చీర ఇయ్యవలసిన దినమును కాగితముపై వ్రాసి సంతకము చేసెను. తల్లి ఆ రసీదును చదివి, మడిచి, సంచిలో భద్రపరచుకొనెను.

చెప్పిన దినమున వారు మరల వచ్చిరి. నేతగాడు చీరను మడత విప్పి వెలుతురులో పరచెను. తల్లి అంచును, కొంగును పరికించి చూచి, తక్కిన 9,000 రూపాయలను లెక్కించెను. ఆమె చేతినుండి సొమ్ము, అతని చేతినుండి చీర ఏకకాలమున మారినవి.